సోమవారం రాత్రి ఓడిపోయేవాళ్లు



అమెరికా తూర్పు తీరంలో సోమవారం రాత్రి ఎనిమిదయ్యేసరికి మనకి మంగళవారం తెల్లవారుతుంటుంది. వాళ్లకి వేసవైతే మన గడియారంలో ఐదున్నర, చలికాలమైతే ఆరున్నర. ఆ వేళప్పుడు ఇంట్లో ఎవరికీ నిద్రాభంగం కాకుండా సౌండు తగ్గించుకుని నేను చూసే కార్యక్రమం ఒకటుంది. పేరు ‘మండే నైట్ రా’. డబ్ల్యూడబ్ల్యూఈ కంపెనీ కుస్తీ. 1993 జనవరి 11న న్యూయార్క్‌లోని మాన్‌హాటన్ సెంటర్‌లో మొదలైంది. అప్పటి నుంచి ఇప్పటిదాకా వారం వారం వస్తూనే ఉంది. క్రికెట్‌కి ఒక సీజనుంటుంది, సినిమాకి ఒక విడుదల తేదీ ఉంటుంది. దీనికి మొదలేగాని ముగింపు లేదు. ఈ వారం కథ పై వారానికి, పై వారం కథ ఆ పై నెలలో వచ్చే పెద్ద పోటీకి సాగిపోతూ ఉంటుంది.

“జుట్టు నెరిసింది, ఇంకా ఆ ఉత్తుత్తి కొట్లాటలేంటండీ?” అని మా ఇంట్లో అడుగుతారు. ఈ కుస్తీ చూసే ప్రతివాడికీ ఈ ప్రశ్న తప్పదు. మా అమ్మమ్మ ఊళ్లో హరిశ్చంద్ర నాటకం వేస్తే కాటిసీను దగ్గర కొంగుతో కళ్లు తుడుచుకునేది. లోహితాస్యుడి వేషం కట్టిన పిల్లాడు కాసేపట్లో లేచి వెళ్లి మిరపకాయ బజ్జీలు తింటాడని ఆవిడకి తెలియదా? తెలుసు. తెలిసే ఏడ్చేది. పద్యం బాగుంటే పక్కవాళ్లు వన్స్‌మోర్ అనేవాళ్లు. చచ్చిపోయిన పిల్లాడు పాపం అలాగే ఇంకాసేపు చచ్చిపోయి పడుకునేవాడు. నాటకం చూసేవాణ్ణి ఎవరూ “అది నిజమేనా?” అని అడగరు. కుస్తీ చూసేవాణ్ణి మాత్రం అడుగుతారు.

నిజానికి ఇందులో దాపరికం ఏమీ మిగల్లేదు. 1989లో న్యూజెర్సీ రాష్ట్ర సెనేట్ ముందు కంపెనీవాళ్లే ఒప్పేసుకున్నారు: మాది క్రీడా పోటీ కాదు, జనాన్ని అలరించడానికి చేసే ప్రదర్శన అని. పన్నులు, క్రీడా కమిషన్ తనిఖీలు తప్పించుకోవడానికి చెప్పిన నిజం అది. డబ్బు మిగులుతుందంటే నిజం కూడా చెప్తారన్నమాట. గెలుపెవరిదో ముందే రాసి ఉంటుంది. ఈ సంగతి అందరికీ తెలిసి ముప్పై ఏళ్లు దాటినా జనం తగ్గలేదంటే, వాళ్లు చూడటానికి వస్తున్నది గెలుపోటముల్ని కాదు.

మరి దేన్ని? నా మటుకు నేను ఓడిపోయేవాణ్ణి చూస్తాను.

మొట్టమొదటి ‘రా’లో మొట్టమొదటి కుస్తీ యోకొజునాకీ, కోకో బి వేర్‌కీ. యోకొజునా రెండు వందల కిలోలు పైబడ్డ మనిషి. జపాను సుమో వీరుడని పరిచయం చేసేవారుగానీ నిజానికి సమోవన్ కుటుంబంవాడు. కోకో భుజం మీద రామచిలకను మోసుకుంటూ, చేతులు రెక్కల్లా ఆడిస్తూ వచ్చే సరదా మనిషి. ఆ పూట కోకో పని ఒక్కటే: అవతలివాడు కొండలాంటివాడని చూసేవాళ్లను నమ్మించడం. ఎగిరి ఢీకొంటాడు, కొండ కదలదు, తనే ఎగిరి పడతాడు. చివరికి యోకొజునా రింగు మూల తాళ్లెక్కి అతని గుండెల మీద కూలబడ్డాడు. ఆ బరువంతా కిందివాడి మీద పడకుండా ఆపుకోవడం పైవాడి బాధ్యత. పడిందని మనల్ని నమ్మించడం కిందివాడి బాధ్యత. కిందివాడు లేచి దులుపుకుని వెళ్లిపోతే పైవాడు వట్టి లావుపాటి మనిషిగానే మిగిలిపోతాడు. మూడు నెలలు తిరక్కుండా యోకొజునా ఛాంపియన్ అయ్యాడు. అతన్ని ఛాంపియన్‌గా నిలబెట్టినవాళ్లలో కోకో ఒకడు. కంపెనీ కూడా ఆ సంగతి మర్చిపోలేదు. 2009లో కోకోని తమ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకుంది.

తొంభైల్లో మన పిల్లల దగ్గర డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (ఈ కంపెనీకి అప్పటి పేరు) ట్రంప్ కార్డులుండేవి. వింటున్నవాళ్లలో చాలామంది ఆడే ఉంటారు. ఒక్కో కార్డు మీద ఒక్కో వీరుడి బొమ్మ, దాని కింద ఎత్తు, బరువు, ఛాతీ, కండ, ర్యాంకు. ర్యాంకు ఒకటున్న కార్డు చేతిలో పడితే వాడు ఆ మధ్యాహ్నానికి రాజు. ఎత్తూ లేక, బరువూ లేక, ర్యాంకూ లేక మిగిలిపోయే కార్డులు కొన్నుండేవి. అవి ఎవరికీ అక్కర్లేదు. ఆ అక్కర్లేని కార్డుల మనుషులే ఈ కార్యక్రమాన్ని మోస్తారని అప్పట్లో తెలియలేదు. ఏనాడూ గెలవకుండా వారం వారం ఓడిపోవడమే ఉద్యోగమైన వీళ్లని ఈ కుస్తీ లోకంలో ‘జాబర్’ అంటారు. కాస్త చిన్నచూపు ఉన్న మాటే.

పడటం ఎలాగో చెప్తాను. రింగు దాదాపు ఇరవై అడుగుల చదరం. ఇనప దూలాల మీద చెక్కలు, చెక్కల మీద పల్చటి ఫోమ్, ఆ పైన కాన్వాసు. పరుపేమీ కాదు. పడేవాడు గడ్డాన్ని ఛాతీకి ఆనించుకోవాలి, లేకపోతే తల వెనక్కి కొట్టుకుంటుంది. వీపు పైభాగం మొత్తం ఒకేసారి నేలకి తగలాలి. రెండు చేతులూ చాచి అదే క్షణంలో చప్పుడయ్యేలా చరవాలి. ఊపిరి బిగబట్టకూడదు, వదిలేయాలి. మనం వినే ధబ్బుమనే మోత ఆ చెక్కలది. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా వెన్ను వెన్నే, చెక్క చెక్కే. రాత్రికి పదిసార్లు, వారానికి మూడు నాలుగు ఊళ్లు, ఇరవై ఏళ్లు. ఉత్తుత్తి అనేవాళ్లు ఒక్కసారి ఇంటి నట్టింట్లో నిలువుగా వెనక్కి పడి చూడమంటాను. వద్దులెండి, నిజంగా పడేరు.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన ఓటమి. 1993 మే 17. ఆ వేళకి ‘రా’ వయసు నాలుగు నెలలు. సన్నగా పీలగా ఉండే ఒక కుర్రాడు వారానికో పేరుతో వచ్చి ఓడిపోయి వెళ్తుండేవాడు. అతని అసలు పేరు షాన్ వాల్ట్‌మన్. ఆ సోమవారం అతనికి ఎదురు రేజర్ రామోన్. నోట్లో పుల్ల, మెడలో గొలుసులు, ఆరున్నర అడుగుల మయామీ రౌడీ వేషం. ఆ వేషం వేసింది స్కాట్ హాల్. కుర్రాణ్ణి ఆడుకుంటున్నాడు, జనం కూడా సగం మనసుతో చూస్తున్నారు. ఉన్నట్టుండి కుర్రాడు మూల తాళ్లెక్కి వెనక్కి పల్టీ కొట్టి రేజర్ మీద పడ్డాడు. రిఫరీ నేల చరిచాడు: ఒకటి, రెండు, మూడు. హాలు హాలంతా లేచి నుంచుంది. అప్పటి నుంచి ఆ కుర్రాడి పేరు వన్ టూ త్రీ కిడ్.

జనం కుర్రాణ్ణి చూశారు. ఇప్పుడా వీడియో పెట్టుకుంటే నేను స్కాట్ హాల్‌ని చూస్తాను. మూడో దెబ్బ పడ్డాక అతని మొహంలో కోపం వెంటనే రాదు. ముందు అర్థంకానితనం వస్తుంది. నాకా? వీడి చేతిలోనా? ఆ రెండు క్షణాలే ఈ కథకి ప్రాణం. తర్వాత నెలరోజులు ఆ అవమానాన్ని అతను మోశాడు. మళ్లీ కుస్తీ పడితే పదివేల డాలర్లిస్తానన్నాడు, కుర్రాడు ఆ డబ్బు సంచీ పట్టుకుని పారిపోయాడు. ఆ ఓటమి ఇద్దర్నీ పైకి లేపింది. కొన్నాళ్లకి రేజర్ జనం మెచ్చే మంచివాడిగా మారాడు.

రేడియోలో మాట్లాడుతున్నాను గనక వినబడే సంగతి ఒకటి చెప్తాను. కుస్తీ మధ్యలో ఒకడి మెడ చుట్టూ ఇంకొకడు చేయి బిగించి ఊరికే కూర్చుంటాడు, చూశారా? అప్పుడు వాళ్లు మాట్లాడుకుంటుంటారు. తర్వాత ఏం చెయ్యాలో చెవిలో గుసగుసగా చెప్పుకుంటారు. రిఫరీ చెవిలో చిన్న యంత్రం ఉంటుంది. వెనక గదిలోంచి “ఇంకో రెండు నిమిషాలు” అంటే అతను వంగి, పట్టు చూస్తున్నట్టు నటిస్తూ, ఆ కబురు చేరవేస్తాడు. టీవీ ప్రకటనల వేళకి సరిగ్గా మంచివాడు రింగు బయటికి విసిరేయబడతాడు. ప్రకటనలయ్యి తిరిగొచ్చేసరికి చెడ్డవాడు పెత్తనం చలాయిస్తుంటాడు. ఇది దాదాపు శాసనం. అలవాటుపడ్డ వీక్షకుడికి గడియారం చూడకుండానే ప్రకటన ఎప్పుడొస్తుందో తెలిసిపోతుంది. ఎవరికైనా నిజంగా దెబ్బ తగిలితే రిఫరీ రెండు చేతులు తల మీద అడ్డంగా కలుపుతాడు. అది కనబడిందంటే కథ ఆగిపోయినట్టే.

1999 జనవరి 4 నాటి ‘రా’ గురించి చెప్పకుండా ఈ ప్రసంగం ముగించలేను. అప్పట్లో అదే సోమవారం, అదే వేళకి వేరే ఛానెల్లో పోటీ కంపెనీ డబ్ల్యూసీడబ్ల్యూవాళ్ల ‘నైట్రో’ వచ్చేది. 1995లో మొదలై, ఒక దశలో వరసగా 83 వారాలు రేటింగుల్లో ‘రా’ని మట్టి కరిపించింది. ఆ రాత్రి నైట్రో ప్రత్యక్ష ప్రసారం, ‘రా’ ముందే చిత్రీకరించి పెట్టింది. అందుకని ‘రా’ ఫలితం నైట్రోవాళ్లకి తెలుసు. వాళ్ల వ్యాఖ్యాత పైనుంచి వచ్చిన ఆదేశం ప్రకారం బయటపెట్టేశాడు: అటువైపు మిక్ ఫోలీ ఛాంపియన్ కాబోతున్నాడు, దానికి జనం ఎగబడతారు కాబోలు అని వెటకారంగా. ఫోలీ అంటే ఎవరు? లావుగా, చింపిరి జుట్టుతో, తోలు ముసుగేసుకుని మాన్‌కైండ్ పేరుతో దెబ్బలు తినే మనిషి. 1994లో మ్యూనిక్‌లో తాళ్లలో తల ఇరుక్కుని చెవిలో పెద్ద ముక్క పోగొట్టుకున్నవాడు. 1998 జూన్‌లో పదహారడుగుల పంజరం కప్పు మీంచి వ్యాఖ్యాతల బల్ల మీద పడ్డవాడు. కండలూ లేవు, అందమూ లేదు. అలాంటివాడు గెలవబోతున్నాడని తెలియగానే లక్షల మంది ఛానెల్ మార్చేసి ‘రా’ పెట్టుకున్నారు.

ఫలితం ముందే తెలిసిపోతే కుస్తీ చూడరనుకున్నారు వాళ్లు. ఫలితం తెలిసింది గనకే చూశారు జనం. జీవితమంతా కింద పడ్డవాడు లేచే ఘడియ ఎలా ఉంటుందో కళ్లారా చూద్దామని. ఆ రాత్రి ఫోలీ చేతిలో ఓడిపోయింది ద రాక్, అంటే ఇప్పటి హాలీవుడ్ నటుడు డ్వేన్ జాన్సన్. 2001 మార్చిలో నైట్రో మూతబడింది.

1999 జనవరి 24న వాళ్లిద్దరికీ జరిగిన మళ్లీ కుస్తీ మాత్రం నేను ఎవరికీ చూపించను. చేతులకి సంకెళ్లు వేసి ఉన్న ఫోలీ తల మీద రాక్ ఇనప కుర్చీతో పదే పదే కొట్టాడు. ముందు వరసలో ఫోలీ భార్యాపిల్లలు కూర్చునున్నారు. నాన్నకేం కాదని చెప్పి తీసుకొచ్చిన పిల్లలు గుక్కపట్టి ఏడ్చారు. ‘బియాండ్ ద మ్యాట్’ అనే డాక్యుమెంటరీలో అదంతా ఉంది. ఆ కుర్చీ దెబ్బల్లో నటన లేదు. తల మీద కుర్చీతో కొట్టడాన్ని కంపెనీ నిషేధించింది, 2010లో. పదకొండేళ్లు పట్టింది. 1999 మే 23న కాన్సస్ సిటీలో ఓవెన్ హార్ట్ అనే మంచి కుస్తీకారుణ్ణి హాలు పైకప్పు నుంచి తాడుతో దింపబోతే, తాడు కొక్కెం ఊడి పడి చనిపోయాడు. ప్రదర్శన ఆపలేదు. మర్నాడు ‘రా’ మొత్తం అతనికి నివాళిగా నడిపి సహోద్యోగుల చేత కన్నీళ్లు పెట్టించారు. ఇన్ని పడిపోవడాలు పడేవాళ్లకి కంపెనీ ఇచ్చే హోదా ‘స్వతంత్ర కాంట్రాక్టర్’. ఉద్యోగులు కారు. యూనియనూ లేదు. అభిమానిగా నాకు దీనికి సమాధానం లేదు, సిగ్గు మాత్రం ఉంది.

నిజం అప్పుడప్పుడు ఇలా కథలోకి చొరబడుతుంది. 2012 సెప్టెంబరు 10న మాంట్రియల్‌లో ప్రసారం జరుగుతుండగా వ్యాఖ్యాత జెర్రీ లాలర్‌కి బల్ల దగ్గరే గుండెపోటు వచ్చింది. పక్కనున్న మైకేల్ కోల్, ఇది ప్రదర్శనలో భాగం కాదని వీక్షకులకి చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత కుస్తీలు నడిచాయిగానీ వ్యాఖ్యానం ఆగిపోయింది. మధ్యమధ్య లాలర్ ఆరోగ్యం గురించి నాలుగు మాటలు, అంతే. రెండు నెలలకి లాలర్ నవ్వుతూ తిరిగొచ్చాడు. 2018 అక్టోబరు 22న ఛాంపియన్ రోమన్ రైన్స్ మామూలు బట్టల్లో వచ్చి, నా అసలు పేరు జో, నాకు లుకేమియా తిరగబెట్టింది అని బెల్టు రింగులో పెట్టి వెళ్లాడు. వారం వారం అతన్ని గేలిచేసిన జనమే లేచి నిలబడ్డారు.

ఇక తిట్టాల్సినవి తిట్టాలి. 2012 జులై నుంచి పన్నెండేళ్లు ‘రా’ని మూడు గంటలు చేశారు. రెండు గంటల సరుకుని మూడు గంటలు సాగదీస్తే మిగిలేది మైకు పట్టుకుని మాట్లాడుకోవడమే. పరాయిదేశంవాడంటే విలన్ అనే పాత అలవాటు ఇంకా చావలేదు. ఇటలీ మూలాలున్న అమెరికన్‌కి మొహమ్మద్ హసన్ అని పేరుపెట్టి అరబ్ వేషం వేయించారు. మన గ్రేట్ ఖలీ చేత అరిపించారు, తర్వాత వెకిలి వేషాలు వేయించారు. కెనడాలో పుట్టిన పంజాబీ జిందర్ మహల్‌ని 2017లో ఛాంపియన్‌ని చేస్తే, అప్పుడు కూడా అతని చేత అమెరికన్లని దూషించేలా మాట్లాడించారు. ఆడవాళ్ల సంగతి ఇంకా ఘోరం. 2015 ఫిబ్రవరిలో ఒక సోమవారం నలుగురు ఆడవాళ్ల కుస్తీ ముప్పై సెకన్లలో ముగించారు. అభిమానులు ఊరుకోలేదు, ఆ రాత్రే గొడవ మొదలుపెట్టారు. మరుసటి ఏడాది 2016 జులై 25న సాషా బ్యాంక్స్, షార్లెట్ మీద గెలిచి ‘రా’లోనే ఛాంపియన్ అయింది. మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టాను.

అదే రాత్రి, అదే ప్రదర్శనలో ఇంకొకడు నా మనసులో ఉండిపోయాడు. జేమ్స్ ఎల్స్‌వర్త్. చుబుకమే లేనట్టుండే మొహం, బక్కపల్చటి ఒళ్లు. ఆ ఒక్క పూటకి పిలిపించిన మనిషి. ఎదురుగా రాక్షసుడిలాంటి బ్రాన్ స్ట్రోమన్. రెండు చేతులున్న ఎవడికైనా పోరాడే అవకాశం ఉన్నట్టేనని మైకులో చెప్పి, నిమిషం తిరక్కుండా చిత్తుగా ఓడిపోయాడు. జనం గెలిచినవాణ్ణి వదిలేసి అతన్ని పట్టుకున్నారు. కొన్ని నెలల్లో కంపెనీ అతనికి కాంట్రాక్టు ఇచ్చింది.

మన దగ్గరికి వద్దాం. 2021లో సోనీ టెన్ 4 వచ్చాక ఈ కుస్తీకి తెలుగు వ్యాఖ్యానం కూడా వినబడింది. 2023 సెప్టెంబరు 8న గచ్చిబౌలి బాలయోగి ఇండోర్ స్టేడియంలో కంపెనీ ప్రత్యేక ప్రదర్శన పెట్టింది. జాన్ సీనా, సెత్ రాలిన్స్ ఒక జట్టు. వాళ్లకి ఎదురు లుడ్విగ్ కైజర్, జొవాన్ని వించీ. సీనా గచ్చిబౌలి దాకా వచ్చి ఓడిపోడని అక్కడున్న పసిపిల్లలకి కూడా తెలుసు. అయినా ఆ హాల్లో గోల అంతా ఇంతా కాదు. ఆ గోలకి తగ్గట్టు సీనాని కాసేపు కింద పడేసి కొట్టి, జనానికి కోపం తెప్పించి, సరైన క్షణంలో తాము ఎగిరిపడి జనాన్ని తృప్తిగా ఇంటికి పంపింది కైజర్, వించీలు. పేపర్లలో ఫొటో సీనాది వచ్చింది. రావలసిందే, జీతం అంతుంది. ఆ రాత్రి పని ఎక్కువ చేసింది మాత్రం ఆ ఇద్దరూ.

2025 జనవరి నుంచి ‘రా’ నెట్‌ఫ్లిక్స్‌కి మారింది, మనకి ఏప్రిల్ నుంచి అందులోనే వస్తోంది. వచ్చే మంగళవారం కాస్త ముందు మెలకువ వస్తే పెట్టుకోండి. కథ తెలియకపోయినా ఫర్వాలేదు. గెలిచినవాడి చేయి రిఫరీ ఎత్తుతున్నప్పుడు ఒక్కసారి కింద ఉన్నవాణ్ణి చూడండి. పిల్లలు పక్కన కూర్చుంటే, ఆ పట్లు ఇంట్లో తమ్ముడి మీద, పరుపు మీద వేయొద్దని గట్టిగా చెప్పండి. ఆ కుస్తీవాళ్లకి పడటం నేర్చుకోవడానికే ఏళ్లు పట్టింది.